బ్యాగ్ ఫిల్టర్ డీపీ (ఫిల్టర్‌కు రెండు వైపులా ఉన్న ఒత్తిళ్ల తేడా) 230 దగ్గర కూర్చుంది, ప్యాకర్ దగ్గర దుమ్ము ఆగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్యాకింగ్_మెకానిక్:
అందరికీ నమస్కారం. హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంట్ ప్లాంట్‌లో ప్యాకింగ్ సెక్షన్ మెయింటెనెన్స్ చూస్తాను. రోటరీ ప్యాకర్, బకెట్ ఎలివేటర్, వైబ్రేటింగ్ స్క్రీన్, మూడింటికీ కలిపి ఒకటే పల్స్ జెట్ బ్యాగ్ ఫిల్టర్ (దుమ్ము గాలిని గుడ్డ బ్యాగుల గుండా లాగి, ఆ బ్యాగులను కంప్రెస్డ్ గాలి దెబ్బలతో, అంటే పల్స్‌లతో, దులిపేది). 144 బ్యాగులు, ఒక్కోటి 160 మి.మీ. వ్యాసం, 3.66 మీటర్ల పొడవు, పాలిస్టర్. ఫ్యాన్ డిజైన్ గంటకు 16,000 ఘనమీటర్లు, 37 కిలోవాట్ మోటార్.

మామూలుగా డీపీ 100, 110 మి.మీ. వాటర్ కాలమ్ (నీటి మట్టం ఎత్తుతో కొలిచే ఒత్తిడి) మధ్య ఉండేది. వానలు మొదలైన దగ్గర్నుంచి ఎక్కుతూ ఎక్కుతూ ప్యానెల్‌లో 230 చూపిస్తోంది. ప్యాకర్ స్పౌట్ల (బస్తాలు నింపే గొట్టాల) దగ్గర దుమ్ము బయటికి కొడుతోంది, లోడింగ్ వాళ్లు గొడవ చేస్తున్నారు. మేనేజర్ గారు బ్యాగులు మొత్తం మార్చేద్దామంటున్నారు. పోయిన ఏడాదే మార్చాం. మళ్లీ మార్చాలా?

సీ_షిఫ్ట్:
పల్సింగ్ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) 7 కేజీలకు పెంచి చూడండి బ్రదర్. మా దగ్గర ఎప్పుడూ అదే మందు.

పాత_బ్యాగ్‌హౌస్:
ఆ మందు వాడితే ముందు పోయేది బ్యాగే. 3.66 మీటర్ల బ్యాగుకు 5 కేజీలు, మహా అయితే 6. అంతకుమించి కొడితే బ్యాగ్ లోపలి కేజ్ (తీగల చట్రం) మీద పడి పడి తీగల వెంబడి కోసుకుపోతుంది. పైగా గుడ్డ మీద ఉండాల్సిన పలచటి దుమ్ము పొర కూడా రాలిపోయి, సన్న సిమెంట్ ఫెల్ట్ (బ్యాగు గుడ్డ) లోపలికి దిగుతుంది. ఆ రోజుకు డీపీ తగ్గినట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి ఏం చేసినా తగ్గదు.

మెకానిక్ తమ్ముడూ, బ్యాగుల సంగతి తర్వాత. ఆ 230 నిజమేనా? ట్రాన్స్‌మిటర్ (ప్యానెల్‌కు రీడింగ్ పంపే పరికరం) మాట నమ్మొద్దు. పారదర్శకమైన పీవీసీ ట్యూబ్ యూ ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి, స్కేలు కట్టి కొలువు. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

సొలెనాయిడ్:
ఇన్‌స్ట్రుమెంటేషన్ వైపు నుంచి ఒక మాట. ట్రాన్స్‌మిటర్‌కు వచ్చే రెండు ట్యూబులూ విప్పి గాలికి వదిలేస్తే ప్యానెల్‌లో సున్నా రావాలి. రాకపోతే ఆ తేడా అంతా అబద్ధం. తర్వాత ట్యాపింగ్ పాయింట్లు (ఆ ట్యూబులు ఫిల్టర్‌కు తగిలే రంధ్రాలు). దుమ్ము వైపు ట్యాపింగ్ సిమెంట్‌తో మూసుకుపోవడం రోజూ జరిగేదే. మూసుకుపోయిందో లేదో రీడింగ్ చెబుతుంది: పల్స్ కొట్టినప్పుడల్లా ముల్లు కొంచెమైనా కదలాలి. రాయిలా ఒకే అంకె మీద ఉంటే అనుమానించండి. ట్రాన్స్‌మిటర్‌కు వచ్చే ఆ ఇంపల్స్ ట్యూబ్ ఎక్కడైనా కిందికి జారి వంపు తిరిగితే, వానాకాలం ఆ వంపులో నీళ్లు చేరతాయి. ఆ నీటి ఎత్తు కూడా రీడింగ్‌లో కలుస్తుంది.

గాలి_లెక్క:
పైవాళ్లు చెప్పింది సరే. నాకు ఇంకో మూడు అంకెలు కావాలి. ఫిల్టర్ ఇన్‌లెట్ డక్ట్‌లో స్టాటిక్ ప్రెషర్, ఫిల్టర్ అవుట్‌లెట్‌లో స్టాటిక్ ప్రెషర్, ఫ్యాన్ మోటార్ ఆంపియర్లు. కుదిరితే కమిషనింగ్ నాటి అంకెలు కూడా.

ఎందుకంటే డీపీ ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. డీపీ అంటే రెండు చోట్ల ఒత్తిళ్ల మధ్య తేడా, అంతే. గాలి ఎక్కువ లాగినా పెరుగుతుంది, బ్యాగు మూసుకుపోయినా పెరుగుతుంది. మొదటిదాంట్లో ఆంపియర్లు పెరుగుతాయి, రెండోదాంట్లో తగ్గుతాయి. ఇన్‌లెట్ సక్షన్ కూడా అంతే. బ్యాగులు మూసుకుంటే ఇన్‌లెట్‌లో సక్షన్ తగ్గుతుంది, ఎందుకంటే ఫ్యాన్ లాగే బలమంతా బ్యాగుల దగ్గరే ఖర్చయిపోతోంది. అదే ఫిల్టర్ కంటే ముందు డక్ట్ మూసుకుపోతే ఇన్‌లెట్ సక్షన్ పెరుగుతుంది, డీపీ పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ప్యాకర్ దగ్గర కనిపించేది మాత్రం ఒకటే, దుమ్ము.

మీ లెక్క కూడా వేశాను. ఒక బ్యాగు 1.84 చదరపు మీటర్లు, 144 బ్యాగులకు 265. నిమిషానికి 267 ఘనమీటర్లు పోతే గుడ్డ గుండా గాలి వేగం నిమిషానికి 1 మీటరు. సిమెంట్‌కు ఇది సబబైన డిజైనే. మధ్యలో ఎవరైనా కొత్త సక్షన్ పాయింట్లు కలిపారా? ఫ్యాన్ పుల్లీ మార్చారా? ఈ రెండూ చేసి ఎవరికీ చెప్పకపోవడం మన ప్లాంట్లలో ఆనవాయితీ.

ప్యాకింగ్_మెకానిక్:
పుల్లీ మారలేదు సార్, కొత్త పాయింట్లు కూడా లేవు. ఇవాళ కొలిచాను.

ట్రాన్స్‌మిటర్ రెండు ట్యూబులూ విప్పితే 25 చూపించింది. యూ ట్యూబ్‌తో డీపీ 205. ఇన్‌లెట్ మైనస్ 42, అవుట్‌లెట్ మైనస్ 247. కమిషనింగ్ షీట్ దొరికింది, అందులో ఇన్‌లెట్ మైనస్ 85. ఆంపియర్లు అప్పుడు 52, ఇప్పుడు 41.

గాలి_లెక్క:
ఇంక అనుమానం లేదు. సక్షన్ 85 నుంచి 42కు, అంటే సగానికి పడింది. డక్ట్‌లో నష్టం గాలి పరిమాణం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి గాలి సుమారు 70 శాతానికి, గంటకు 11,000 దగ్గరికి వచ్చేసింది. డక్ట్‌లో 20 మీటర్ల వేగానికి డిజైన్ చేసి ఉంటే ఇప్పుడు 14. సిమెంట్ దుమ్ము ఆ వేగంలో అడ్డపు డక్ట్‌లలో కూర్చుంటుంది. చెక్క సుత్తితో డక్ట్ అడుగున తట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడ మొద్దు శబ్దం వస్తే అక్కడ పేరుకుంది. ఫిల్టర్ బాగుచేశాక కూడా ప్యాకర్ దగ్గర దుమ్ము తగ్గకపోతే కారణం అదే అవుతుంది. అది ఇప్పుడే శుభ్రం చేయించండి.

సమస్య మాత్రం బ్యాగుల దగ్గరే. బ్యాగులు పాడయ్యాయా, లేక బ్యాగులు దులిపే వ్యవస్థ పాడయిందా అన్నది తేలాలి. అది పాత_బ్యాగ్‌హౌస్ గారి ఏరియా.

పాత_బ్యాగ్‌హౌస్:
పైకెక్కి హెడర్ (పల్స్‌లకు కావాల్సిన గాలి నిల్వ ఉండే గొట్టం) పక్కన నిలబడు. కంప్రెసర్ రూమ్‌లో ఉన్న గేజ్ కాదు, ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ హెడర్ గేజ్ చూడాలి. లేకపోతే ఒకటి బిగించు. 12 వాల్వులు ఒక పూర్తి రౌండ్ కొట్టేదాకా ఉండి, ప్రతి పల్స్‌కు ముందు ఎంత ఉంది, తర్వాత ఎంతకు పడింది, మళ్లీ ఎంతసేపటికి ఎక్కింది రాసుకో.

చెవి కూడా పెట్టు. మంచి డయాఫ్రమ్ (పల్స్ వాల్వు లోపలి పొర) ‘ఠప్’ మని గట్టిగా, పొట్టిగా కొడుతుంది. ‘భుస్స్’ మని సాగితే డయాఫ్రమ్ చిరిగింది, లేదా స్ప్రింగ్ పోయింది. టిక్ మని సొలెనాయిడ్ (వాల్వును కరెంటుతో తెరిచేది) చప్పుడు మాత్రం వచ్చి గాలి రాకపోతే పైలట్ రంధ్రం మూసుకుంది. అసలు చప్పుడే లేకపోతే కాయిల్ లేదా వైరు. ఏదీ కొట్టనప్పుడు కూడా సన్నగా గాలి పోతున్న శబ్దం ఉంటే ఏదో ఒక వాల్వు ఎప్పుడూ లీకవుతోంది.

టైమర్ సెట్టింగ్ ఎంతో కూడా చెప్పు.

ప్యాకింగ్_మెకానిక్:
బాబాయ్ గారూ, పైకెక్కాను. 4వ, 9వ వాల్వులు ఆగకుండా లీక్. కంప్రెసర్ రూమ్‌లో 5.5 ఉంది కానీ హెడర్‌లో పల్స్‌కు ముందు 3.2 మించి ఎక్కట్లేదు. పల్స్ అయ్యాక 2 దాకా పడుతోంది.

టైమర్ చూస్తే 6 సెకన్లకు ఒక పల్స్. పల్స్ నిడివి 0.4 సెకను. ముందు 20 సెకన్లు ఉండేదట. డీపీ పెరుగుతోందని ఏదో షిఫ్ట్‌లో 12కు తగ్గించారు, ఇంకో షిఫ్ట్‌లో 6 చేశారు. ఎవరు చేశారో లాగ్‌బుక్‌లో లేదు.

సొలెనాయిడ్:
దొరికింది. 6 సెకన్లలో హెడర్ నిండదు. సగం నిండిన హెడర్‌తో కొడితే బ్యాగు కదలదు, దుమ్ము రాలదు, డీపీ పెరుగుతుంది. పెరిగిందని ఇంకా తొందరగా కొడతారు. ఎక్కువసార్లు కొడితే ఎక్కువ శుభ్రమవుతుందని అందరూ అనుకుంటారు, ఇక్కడ జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

నిడివి 0.4 కూడా వృథా. బ్యాగును దులిపేది మొదటి తాకిడే. వాల్వు తెరుచుకున్న ఆ తొలి క్షణంలో వెళ్లే గాలి అలతోనే పని అయిపోతుంది, తర్వాత పోయేదంతా హెడర్ ఖాళీ చేయడమే. 0.1 నుంచి 0.15 చాలు.

పాత_బ్యాగ్‌హౌస్:
రెండు డయాఫ్రమ్‌లు మార్చు. ఇంటర్వెల్ 20, నిడివి 0.1 పెట్టు. తర్వాత షిఫ్ట్ మారే సమయంలో ప్యాకర్ ఆపి, ఫ్యాన్ ఆపి, ఫ్యాన్ ఆగి ఉండగానే పల్సింగ్ మూడు రౌండ్లు నడిపించు. గాలి పైకి లాగుతుంటే రాలిన దుమ్ము పక్క బ్యాగుకు అతుక్కుంటుంది. ఫ్యాన్ ఆగి ఉంటే నేరుగా కిందున్న గరాటులాంటి హాపర్‌లో పడుతుంది. ఆ సమయంలో కింద రోటరీ ఎయిర్‌లాక్ (బయటి గాలి దూరకుండా దుమ్మును దించే తిరుగుడు వాల్వు), స్క్రూ కన్వేయర్ నడుస్తూనే ఉండాలి.

హెడర్ కింద డ్రెయిన్ వాల్వు ఉంటుంది, అది కూడా తెరిచి చూడు. వానలతో మొదలైందన్నావు, ఆ మాట నాకు ఇందాకటి నుంచి తిరుగుతోంది.

ప్యాకింగ్_మెకానిక్:
డ్రెయిన్ తెరిస్తే లీటర్ల కొద్దీ నీళ్లు వచ్చాయి. గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ బైపాస్ తెరిచి ఉంది. డ్రయ్యర్ పాడై బైపాస్‌లో పెట్టి, రిపేర్ అయ్యాక మళ్లీ మూయలేదట.

గల్ఫ్_సిమెంట్:
రస్ అల్ ఖైమా (యూఏఈ) నుంచి. ఎడారిలో ఈ బాధ ఉండదనుకుంటారు మనవాళ్లు. సముద్రం పక్కన కదా, ఎండాకాలం రాత్రిళ్లు తేమ విపరీతం. డ్రయ్యర్ ఒక్క వారం ఆగితే హెడర్‌కు గాలి వచ్చే వైపున్న మొదటి వాల్వుల కింది బ్యాగులు ముందు పోతాయి. నీళ్లన్నీ అక్కడే దిగుతాయి. మీరు కూడా మొదటి రెండు మూడు వరుసల బ్యాగులు తీసి చూడండి. పైన ఒక అడుగు మేర గట్టి పొర ఉంటే అది సిమెంట్ సెట్ అయిపోయినట్టే. దాన్ని ఏ పల్సూ రాల్చలేదు. ఉతికితే ఇంకా గట్టిపడుతుంది, ఆ ప్రయోగం మాత్రం చేయకండి.

ప్యాకింగ్_మెకానిక్:
అప్‌డేట్. డయాఫ్రమ్‌లు మార్చాం, డ్రయ్యర్ లైన్లోకి తెచ్చాం, టైమర్ సరిచేశాం. ఇప్పుడు హెడర్ ప్రతి పల్స్‌కు ముందు 5.2 ఉంటోంది. ఫ్యాన్ ఆపి మూడు రౌండ్లు కొట్టాం. డీపీ 205 నుంచి 160కి వచ్చింది. అక్కడే ఆగింది.

ఇంకో విచిత్రం. ఫ్యాన్ ఆపగానే కింద స్క్రూలోకి గుభీమని పౌడర్ పడింది, స్క్రూ మోటార్ ట్రిప్ అయింది. మళ్లీ స్టార్ట్ చేయడానికి చాలా తంటా పడ్డాం. గల్ఫ్ అన్న చెప్పినట్టు మొదటి రెండు వరుసల్లో 24 బ్యాగులు పైభాగం అట్టలా ఉన్నాయి. మిగతావి మెత్తగానే ఉన్నాయి.

గాలి_లెక్క:
ఫ్యాన్ ఆపగానే పౌడర్ పడటం విచిత్రం కాదు, అది ఆచూకీ. ఫ్యాన్ నడుస్తున్నంతసేపూ కింది నుంచి గాలి పైకి వస్తోంది, హాపర్‌లో దుమ్మును దిగనివ్వట్లేదు. ఎయిర్‌లాక్ రోటర్ అంచులు అరిగిపోయి ఉంటాయి, లేదా స్క్రూ కవర్ గాస్కెట్ పోయి ఉంటుంది. హాపర్ నెగటివ్ ప్రెషర్‌లో ఉంది కదా, ఏ చిన్న సందు దొరికినా బయటి గాలి దూరుతుంది. దూరిన గాలి దుమ్మును మళ్లీ బ్యాగుల మీదికి ఎత్తుతుంది. మీరు దులిపిన దుమ్మే మళ్లీ మళ్లీ తిరుగుతోంది.

ఎయిర్‌లాక్ ఫ్లాంజ్, ఇన్‌స్పెక్షన్ డోర్ చుట్టూ అగరబత్తి పొగ పెట్టి చూడండి. పొగ లోపలికి గుంజుకుంటే అక్కడ లీక్. సిమెంట్ కాబట్టి అగరబత్తి అంటున్నాను.

కోల్_మిల్_షిఫ్ట్:
ఆఖరి వాక్యం చదివి గుండె కుదుటపడింది. సార్, మాది కోల్ మిల్ బ్యాగ్ ఫిల్టర్. ఇక్కడ చెప్పినవన్నీ మాకూ వర్తిస్తాయా?

పాత_బ్యాగ్‌హౌస్:
డీపీ లెక్క ఒకటే. పద్ధతి వేరు, దయచేసి కలపొద్దు. కోల్ మిల్ దగ్గర అగరబత్తి కాదు కదా, పర్మిట్ లేకుండా గ్రైండర్ కూడా తీయకూడదు. హాపర్‌లో బొగ్గు పొడి పేరుకుంటే దానంతట అదే రాజుకుంటుంది. లీకుల్లోంచి బయటి గాలి దూరితే లోపల ఆక్సిజన్ పెరుగుతుంది, అంటే లీక్ వల్ల మీకు డీపీ ఒక్కటే కాదు, పేలుడు ప్రమాదం కూడా. డీపీ ఉన్నట్టుండి పడిపోయి, కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్, అవుట్‌లెట్ టెంపరేచర్ ఎక్కుతున్నాయంటే లోపల బ్యాగులు కాలుతున్నాయని అర్థం. అప్పుడు డోర్ తెరిచారో, లోపలికి గాలి అందించినవాళ్లవుతారు. మిల్ ఆపి, మీ ప్లాంట్ ఇనర్ట్ గ్యాస్ ప్రొసీజర్ ఏదుంటే అది. బ్యాగులు యాంటీ స్టాటిక్ రకం, కేజ్‌కు ఎర్తింగ్ తగులుతోందా అన్నది బ్యాగు మార్చిన ప్రతిసారీ చూడాలి.

2008లో అమెరికాలోని జార్జియాలో పోర్ట్ వెంట్‌వర్త్ చక్కెర ఫ్యాక్టరీలో పంచదార దుమ్ము పేలి 14 మంది చనిపోయారు. పంచదారే అంత పని చేసింది, ఇది బొగ్గు. విడిగా టాపిక్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

ప్యాకింగ్_మెకానిక్:
ఎయిర్‌లాక్ తీశాం. రోటర్ అంచులకూ బాడీకీ మధ్య వేలు దూరేంత సందు! అంచులకు ప్లేట్లు వేయించి సందు తగ్గించాం, స్క్రూ కవర్ గాస్కెట్లు మార్చాం.

ఇప్పుడు 24 బ్యాగుల సంగతి. స్టోర్స్‌లో సరిగ్గా 30 కొత్తవి ఉన్నాయి. ఆ రెండు వరుసలకూ కొత్తవి వేస్తే సరిపోతుందా?

గల్ఫ్_సిమెంట్:
వేసేయండి. ఉన్నవి వాడుకోవాలి కదా.

గాలి_లెక్క:
నేను ఒప్పుకోను. కొత్త బ్యాగులో అడ్డు తక్కువ, గాలి అంతా అటే పరుగెడుతుంది. 24 బ్యాగుల గుండా మామూలు కంటే చాలా ఎక్కువ వేగంతో పోతే దుమ్ము ఫెల్ట్ లోతుల్లోకి దిగి అవి కొద్ది రోజుల్లోనే పాడవుతాయి. మారిస్తే 144 మార్చాలి.

పాత_బ్యాగ్‌హౌస్:
పుస్తకం ప్రకారం గాలి_లెక్క గారిదే రైటు. కానీ 120 మంచి బ్యాగులు పారేయమని ఏ స్టోర్స్ ఆఫీసరూ సంతకం పెట్టడు. మధ్యే మార్గం ఉంది. కొత్తవి వేశాక ఫ్యాన్ డ్యాంపర్ (గాలిని తగ్గించే పలక) సగం మూసి తక్కువ గాలితో నడపండి. కొత్త బ్యాగుల మీద పలచటి దుమ్ము పొర పట్టేదాకా పల్సింగ్ ఆపి ఉంచండి. డీపీ కాస్త ఎక్కాక పల్సింగ్ వేసి, డ్యాంపర్ మెల్లగా తెరవండి. ఆ పొరే అసలు ఫిల్టర్, గుడ్డ దాన్ని మోసేది మాత్రమే. మొదటి గంటల్లో హడావుడి పడకపోతే కొత్తవి నిలుస్తాయి. కేజ్‌లు కూడా చూడండి. తుప్పు పట్టిన, వంగిన కేజ్‌కు కొత్త బ్యాగు తొడిగితే డబ్బు పారబోసినట్టే.

గాలి_లెక్క:
ఈ పద్ధతికి అభ్యంతరం లేదు, ఆ 24కు ఆయుష్షు తక్కువుంటుందని రాసిపెట్టుకోండి, అంతే.

క్వార్ట్జ్_పౌడర్:
అన్నా, మధ్యలో వస్తున్నా. షాద్‌నగర్ దగ్గర చిన్న క్వార్ట్జ్ గ్రైండింగ్ యూనిట్. మీ అందరికీ డీపీ ఎక్కువైందని బాధ, నాకు 15 మాత్రమే ఉంది. ముందు 70 ఉండేది. తక్కువ ఉంటే మంచిదే కదా? కానీ మిల్లు నోటి దగ్గర దుమ్ము లేస్తోంది. చిమ్నీ మాత్రం శుభ్రంగా ఉంది.

గాలి_లెక్క:
మంచిది కాదు. బ్యాగు చిరిగితే కూడా డీపీ పడుతుంది, కానీ అప్పుడు చిమ్నీలో దుమ్ము కనపడాలి. చిమ్నీ శుభ్రం, డీపీ తక్కువ, మిల్లు నోటి దగ్గర దుమ్ము, మూడూ కలిస్తే గాలే రావట్లేదు. డ్యాంపర్ మూసుకుందా? బెల్టులు జారుతున్నాయా? ఇన్‌లెట్ డక్ట్ నిండిందా? ఈ మధ్య మోటార్ ఏమైనా విప్పారా?

క్వార్ట్జ్_పౌడర్:
మోటార్ కాలిపోతే రీవైండింగ్ చేయించి బిగించినం. అప్పటి నుంచే అనుకుంటా.

సొలెనాయిడ్:
ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. రాసిస్తా కావాలంటే 😄

సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ ఉల్టా తిరిగినా గాలి అటే పోతుంది, వెనక్కి రాదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కాకపోతే చాలా తక్కువ వస్తుంది. స్విచ్ ఆపి, ఫ్యాన్ ఆగే ముందు షాఫ్ట్ ఎటు తిరుగుతోందో చూసి, కేసింగ్ మీద బాణం గుర్తుతో పోల్చండి. తేడా ఉంటే మూడు ఫేజుల్లో ఏ రెండైనా మార్చాలి, ఎలక్ట్రీషియన్‌తోనే.

క్వార్ట్జ్_పౌడర్:
ఉల్టానే అన్నా! ఫేజులు మార్పించిన. డీపీ 68 వచ్చింది, మిల్లు దగ్గర దుమ్ము పోయింది. మావోళ్లు ఇన్ని రోజులు ముఖానికి రుమాలు కట్టుకుని చేసిన్రు.

పాత_బ్యాగ్‌హౌస్:
క్వార్ట్జ్ దుమ్ముకు రుమాలు అడ్డం కాదయ్యా. కంటికి కనపడే దుమ్ము ముక్కులో ఆగుతుంది, కనపడని సన్నదే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సిలికోసిస్ వస్తే మందు లేదు. ఇన్ని రోజులు ఆ దుమ్ములో చేసిన వాళ్లందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించు, నీ ఖర్చుతో. సరైన రెస్పిరేటర్లు కొను. గాలి తగ్గిన రోజు మిల్లు ఆగాలి, మనుషులు ఓర్చుకోవడం కాదు.

క్వార్ట్జ్_పౌడర్:
తీయిస్తా సార్. ఇద్దరికి దగ్గు ఉంది, ముందు వాళ్లను తీస్కపోతా.

ప్యాకింగ్_మెకానిక్:
చివరి అప్‌డేట్. బాబాయ్ గారు చెప్పినట్టే డ్యాంపర్ సగంలో పెట్టి మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా తెరిచాం. ఇవాళ యూ ట్యూబ్‌తో డీపీ 118, ఇన్‌లెట్ మైనస్ 81, ఆంపియర్లు 51. ట్రాన్స్‌మిటర్ సున్నా సరిచేశారు, ప్యానెల్‌లోనూ అదే అంకె వస్తోంది. ఎలివేటర్ వైపు డక్ట్‌లో రెండు బస్తాల సిమెంట్ తీశాం. లోడింగ్ వాళ్లు గొడవ ఆపారు.

టైమర్ బాక్సుకు తాళం వేయించాను. తాళం చెవి షిఫ్ట్ ఇంజనీర్ దగ్గరే ఉండాలా, నా దగ్గర ఉంచుకోవాలా?

పాత_బ్యాగ్‌హౌస్:
షిఫ్ట్ ఇంజనీర్ దగ్గరే ఉంచు, అర్ధరాత్రి నీకోసం ఎవరూ ఆగరు. సెట్టింగ్ మారిస్తే పాత విలువ, కొత్త విలువ, కారణం లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలని మేనేజర్‌తో సర్క్యులర్ ఇప్పించు. హెడర్ డ్రెయిన్ ప్రతి షిఫ్ట్‌లో తెరవాలని కూడా అందులోనే కలుపు.

సీ_షిఫ్ట్:
మా దగ్గర హెడర్ మీద గేజే లేదని ఇప్పుడే చూశాను. 7 కేజీలు అన్నది కంప్రెసర్ రూమ్ అంకె. రేపు గేజ్ బిగించి రీడింగ్ పెడతాను.